తెల్లతల్లికి నల్లపిల్ల

చీర కొనునపుడు రంగు చూచుట న్యాయమే. ప్రాణముగల దానిని ఇంటికి తెచ్చుకొనునపుడును మొదట రంగునే యడుగుట మాత్రము మాకు వింతగా దోచును. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై 2016 నుండి జనగామ జిల్లాలో చేరిన మా రఘునాథపల్లియందు, మా యింటి చిన్నకుక్క నిరుడు నాలుగు పిల్లలను పెట్టినపుడు ఈ విషయము మాకు బాగుగా తెలిసివచ్చినది. కుక్కపిల్లను పెంచదలచిన సోదరీమణులకు ఉపకరించునని ఇచ్చట వ్రాయుచున్నాము.

తల్లి తెల్లనిది. మనవారు ‘పామరేనియన్’ అని పిలుచు స్పిట్జు జాతి రక్తము దానిలో కొంత కలదు. తక్కినది ఊరకుక్క రక్తమే. తండ్రి మా వీధిలో తిరుగు గోధుమవన్నె కుక్క యని వీధివారందఱు నెరుగుదురు. పిల్లలలో ఒకటి తల్లివలె తెల్లనిది. రెండు ఎఱ్ఱనివి. నాలుగవది కాటుకవంటి నలుపు. దాని రొమ్మునను కాలివ్రేళ్లయందును మాత్రము కొంచెము తెలుపు గలదు.

చూడవచ్చిన అమ్మలక్కలందఱి ప్రశ్నయు నొక్కటియే. “తల్లి తెల్లగున్నది, తండ్రి ఎర్రగున్నది. గీ నల్లది యాడికెల్లి వచ్చిందమ్మా?” వారము తిరుగకమునుపే తెల్లదానిని కోరి అయిదుగురు వచ్చిరి. ఎఱ్ఱవానిని ఇద్దఱు అడిగిరి. నల్లదాని మాట యెవ్వరు నెత్తలేదు. ఒక పెద్దమ్మ, “నల్లది ఇంట్ల ఉంటె మంచిగుండదు బిడ్డా” యని హితము చెప్పెను. శనివారము వచ్చినచో ఊరంతయు గాలించి నల్లకుక్కకు రొట్టె పెట్టునది యామెయే.

ఈ మాటలన్నియు మా చిన్నమ్మాయి వినుచుండెను. దానికి పదేండ్లు, చామనచాయ పిల్ల. పెండ్లిచూపుల మాటలు మన యిండ్లలో పిల్లల చెవిని బడకపోవు. ఆ రాత్రి అది మా ప్రక్కన పండుకొని, “అమ్మా, నల్లగుంటే ఎవరూ తీస్కపోరా?” అని యడిగెను. అడిగినది కుక్కపిల్లను గూర్చియే. కాని ఆ ప్రశ్నకు ఏదో యొక సమాధానము చెప్పి నిద్రపుచ్చుటకు మాకు మనసొప్పలేదు. తెల్లతల్లికి నల్లపిల్ల యెట్లు పుట్టినదో చదివి తెలిసికొని, మఱునాటినుండి దానికి చెప్పసాగితిమి.

కుక్క వెండ్రుకలకు రంగునిచ్చు పదార్థములు రెండే. ఒకటి నలుపు, రెండవది ఎఱుపు. మనము చూచు వన్నెలన్నియు ఈ రెండింటి హెచ్చుతగ్గులవలనను, అసలే లేకుండుటవలనను కలుగునవే. ఏది యెచ్చట ఎంత యుండవలెనో జన్యువులు నిర్ణయించును. ప్రతి జన్యువును తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటిగా రెండు ప్రతులు పిల్లకు సంక్రమించును. అమెరికా శాస్త్రజ్ఞుడు క్లారెన్స్ కుక్ లిటిల్ 1957లో ఈ విషయమై గ్రంథమునే వెలువరించెను. 2005లో టాషా యను బాక్సర్ జాతి ఆడకుక్క జన్యుపటము ప్రకటింపబడిన పిదప ఈ పరిశోధన మఱింత వేగముగా సాగినది. నలుపునకు కారణమైన జన్యువొకటి 2007లో బయటపడెను.

మా తెల్లకుక్క నిజమునకు తెల్లనిది కాదు. వెండ్రుకలలో నలుపు చేరనీయని జన్యుప్రతులు దానికి రెండు కలవు. మిగిలిన యెఱుపు మిక్కిలి పలుచనై మన కంటికి తెలుపుగా కానవచ్చుచున్నది. అయినను ‘ఒడలంతయు నలుపు చేయుము’ అను ఆజ్ఞ వేఱొక జన్యువులో దానియందు ఉండనే యున్నది. తాళము వేసిన పెట్టెలో నల్లచీర యున్నట్లు, బయటికి తెలియదు. నలుపును అడ్డగింపని ప్రతి తండ్రినుండి ఒకటి దొరకగానే, తల్లి దాచిన నలుపు పిల్లయందు వెల్లడియైనది. తండ్రి తనలోనున్న అడ్డగించు ప్రతిని ఇచ్చినచోట తెల్లపిల్ల పుట్టినది. ఒకే కాన్పులో వేఱువేఱు తండ్రుల పిల్లలుండుట కుక్కలయందు సాధ్యమే. కాని ఈ నలుపునకు ఆ యూహతో పనిలేదు. అది తల్లి సొత్తే.

ఎఱ్ఱపిల్లల సంగతియు వింతయే. పుట్టినపుడు అవి మసిబారినట్లుండెను. నెలలు గడచుకొలది మసి విడిపోయి గోధుమవన్నె తేలెను. తెల్లదాని చెవులు లేత పసుపునకు తిరిగెను. నెలపిల్లను రంగు చూచి కోరుకొన్నవారు, ఏడాది తిరుగుసరికి వేఱొక రంగు కుక్కను చూడవలసివచ్చును.

ఇక రొమ్మున, వ్రేళ్లయందు తెలుపేల? గర్భములో రంగుకణములు వెన్నుదరి పుట్టి దిగువకు ప్రాకును. రొమ్ము, వ్రేళ్లు, తోకకొన వాటి దారికి తుదిమజిలీలు. అంతవఱకు చేరకున్నచో అచ్చట తెలుపు మిగులును.

ఇచ్చటనే ఇల్లాండ్రు తప్పక తెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు. ఆ కణములే లోపలిచెవికిని చేరవలెను. అవి లేనిచో పుట్టిన కొన్ని వారములలోనే వినికిడికి సంబంధించిన సూక్ష్మకణములు క్షీణించి పిల్లకు చెవుడు కలుగవచ్చును. తమిళదేశమున రాజపాళయములో మన తెలుగు రాజులు తరతరములుగా నివసించుచున్నారు. ఆ యూరి పేరుగల వేటకుక్క మిక్కిలి ప్రసిద్ధము. 2005లో మన తపాలాశాఖ దాని బొమ్మతో బిళ్ల వెలువరించెను. పాలవంటి ఒడలు, గులాబివన్నె ముక్కు దానికి అందమని జనులు కోరిరి. అట్టి తెలుపునకై దగ్గఱి రక్తములోనే జతకూర్చుటచే చెవిటిపిల్లలు పుట్టుట ఆ జాతికి తీరని బాధయైనది. బూడిదవన్నెపై నల్లని తునకలు అతికినట్లుండు మెర్ల్ అను రంగు మఱియొకటి కలదు. ఆ జన్యువు ఒక ప్రతి యున్న వింతయందము. రెండు ప్రతులు చేరిన చెవుడును గ్రుడ్డితనమును కలుగు ప్రమాదము. వింతరంగని హెచ్చు వెల యడుగువారు ఈ మాట చెప్పరు.

మా తల్లికుక్క తెలుపు ఇట్టిది కాదు. దాని ముక్కు, కనురెప్పల యంచులు నల్లగానున్నవి. అనగా రంగుకణములు ఉండవలసినచోట నున్నవి. వెండ్రుకలో మాత్రము నలుపు చేరలేదు. కావున తెలుపులన్నియు నొకటి కావు.

నలుపు అశుభమనుటకు మన పెద్దల మాటలలోనును ఆధారము కానరాదు. కాలభైరవునకు కుక్కయే వాహనము. మరాఠదేశమున ఖండోబాగా కొలువబడు మన మల్లన్నకు కుక్క తోడుజంతువు. ఋగ్వేదమున యముని కుక్కలు రెండును సరమ సంతతి, నాలుగుకన్నులవి. కనుబొమ్మలపై రెండు ఎఱ్ఱచుక్కలు గల నల్లకుక్కను వీధిలో చూచినవారికి ఆ మాట వెంటనే బోధపడును.

గుణము రంగునుబట్టి వచ్చునా? 18,000 పైచిలుకు కుక్కలను గూర్చి విచారించి 2022లో ప్రకటించిన పరిశోధనలో, నడవడియందలి భేదములకు జాతియే నూటికి 9 వంతులు మాత్రము కారణమని తేలినది. జాతికే అంత తక్కువ పాలు దక్కినపుడు రంగును నమ్ముకొనుట యెట్లు? మూడవ వారము మొదలు మూడు నెలలు నిండువఱకు పిల్ల చూచిన మనుష్యులు, విన్న చప్పుళ్లు, పొందిన ఆదరణ దాని స్వభావమును చాలవఱకు దిద్దును.

తక్కిన మూడు పిల్లలును వేఱిండ్లకు వెళ్లినవి. నల్లది మా యింటనే యున్నది. అమ్మాయి దానికి కాటుక యని పేరు పెట్టినది. “తెల్లతల్లికి నల్లది ఎట్ల పుట్టిందే?” అని యెవరైన నడిగిన, మా కంటె ముందు తానే తాళము వేసిన పెట్టె కథ చెప్పును.

కుక్కపిల్లను తెచ్చుకొనువారు మొదట దాని ముక్కు, కన్నుల యంచులు చూడుడు. గులాబివన్నె యున్నచో చెవిని తప్పక పరీక్షింపుడు. తోడిపిల్లలనుండి వేఱుచేసి, నిద్రించునపుడు వెనుకనుండి గాలి తగులకుండ చప్పుడు చేసి చూడుడు. ఒక చెవియే వినబడకున్నను ఇది తెలియదు గనుక సందేహమున్న పశువైద్యునికి చూపుడు. చెవిటిదైనను విడువ నక్కఱలేదు. చేతిసైగలతో చక్కగా పెంచవచ్చును. రెండవది, తల్లిపాలు మాన్పు తొందరలో పిల్లను తేకుడు; ఎనిమిది వారములైన నిండనిండు. మూడవది, పిచ్చికుక్క వ్యాధి టీకా మూడవ నెలలో వేయింపుడు. ఈ మూడును కుదిరిన పిదప, ఇంకను ఓపిక యున్నచో, రంగు చూచుకొనవచ్చును.