కొత్త కారు డిస్కులకి తుప్పు, మా అన్న మీద నింద

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మన పిల్లోళ్లు చాలామంది ఇప్పుడు డ్రైవర్లుగా పోతున్నారు కదా, వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

మాది చిట్టమూరు మండలం. యానాదులం. నేను హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా, కెమిస్ట్రీ. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అన్న ఏడో తరగతితో ఆపేసి నాయనతో పాటు రొయ్యల గుంటల కాపలాకి పోయినాడు. తర్వాత ట్రాక్టరు నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, ఆ గుంటల ఆసామి దగ్గరే కారు డ్రైవరుగా కుదిరినాడు. నెలకి 12,000.

పోయిన కార్తీకంలో ఆసామి కొత్త కారు కొన్నాడు. రెండు వారాలు కూడా కాలేదు, వానలు పట్టుకున్నాయి. మూడు రోజులు తెరిపి లేదు. వాన ఆగిన సాయంత్రం అన్న బురదంతా పోయేటట్టు బండిని పైపు పెట్టి కడిగి, గుంటల దగ్గర షెడ్డులో నిలబెట్టినాడు. రెండు రోజులు బండి తీయలా. మూడో రోజు పొద్దున చూస్తే ముందు చక్రాల సందుల్లోంచి డిస్కులు ఎర్రమట్టి పూసినట్టు కనిపించినాయి.

ఆసామి అది చూసి, "గుంట నీళ్లతో కడిగినావు కదరా" అన్నాడంట. మంచి నీళ్లేనని చెప్తే నమ్మలా. మీ చేతికి కొత్త బండి ఇవ్వడం నాదే బుద్ధి తక్కువ అన్నాడు. డిస్కులు మార్పించి ఆ డబ్బు జీతంలో పట్టుకుంటానన్నాడు. దానికి మా అన్న ఏమన్నాడో తెలుసా? "తప్పయింది సార్." చేయని తప్పుకి! మన ఇళ్లల్లో ఆ మాట ఎంత తొందరగా నోటికొస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

రాత్రి హాస్టల్‌కి ఫోను చేసి, "నీ స్కాలర్‌షిప్పు ఏమన్నా పడిందా రా?" అని మెల్లగా అడిగినాడు. ఎందుకన్నా అంటే అప్పుడు చెప్పినాడు ఇదంతా. చివర్లో ఇంకో మాట అన్నాడు. ఎవరో చెప్పారంట, డిస్కు మీద ఇంజిన్ ఆయిల్ రాసి తుడిస్తే తుప్పు పోతాదని, పొద్దున్నే రాసేస్తానని.

నాకు కారు తోలడం రాదు. కానీ బ్రేకు పట్టేది రాపిడితోనే అని తెలుసు. రెండు పక్కల నుంచి ప్యాడ్లు డిస్కుని నొక్కి పట్టుకుంటేనే బండి ఆగేది. అక్కడ ఆయిల్ రాస్తే జారిపోయి బండి ఆగదు, ప్యాడ్లు ఆయిల్ పీల్చుకుంటే వాటినీ పారేయాల్సిందే. "అన్నా, నూనె చుక్క కూడా తగలనీయొద్దు" అని అరిచినా. వరండాలో పిల్లోళ్లందరూ నా వంకే చూసినారు.

పొద్దున్నే అన్న పంపిన ఫోటోలు తీసుకుని బస్టాండు వెనక మెకానిక్ దగ్గరికి పోయినా. ఆయన చూసి నవ్వినాడు. "ఇది అన్ని కార్లకీ ఉండేదే. కొత్తదైనా పాతదైనా ఇనుము ఇనుమే కదా" అన్నాడు. మామూలు కార్ల డిస్కులు పోత ఇనుము. వేడిని బాగా లాగేస్తుంది, ఖరీదూ తక్కువ. ప్యాడ్లు రుద్దుకునే చోట రంగు నిలవదు కాబట్టి అక్కడ ఇనుము బోడిగానే ఉంటుంది. మనం మోటార్‌సైకిళ్ల డిస్కులు చూసి పొరపాటు పడతాం. అవి ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలువి, అందుకే మెరుస్తుంటాయి.

పదో తరగతిలో మూడు పరీక్ష నాళికలు, మేకుల ప్రయోగం గుర్తుందా? ఒకదాంట్లో మామూలు నీళ్లు. రెండోదాంట్లో కాచిన నీళ్లు, గాలి తగలకుండా పైన నూనె. మూడోదాంట్లో తేమని పీల్చే కాల్షియం క్లోరైడు. మొదటిదే తుప్పు పడుతుంది. గాలీ నీళ్లూ రెండూ కావాలి మరి. మార్కుల కోసం బట్టీ పట్టినా కానీ, అది మా అన్న జీతం సంగతి అవుతుందని ఎన్నడూ అనుకోలా. కడిగిన తడి చాలు, ఒక్క రాత్రిలో పైపొర ఎర్రబడుతుంది. ఉప్పు తేమ వల్ల ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. మా పక్క గాలిలో ఉప్పుకి కరువా?

మెకానిక్ చెప్పినట్టే అన్నకి చెప్పినా. పెడల్ మామూలుగా గట్టిగా ఉందో లేదో చూసి, ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోతా, వెనక ఎవరూ లేనప్పుడు ఏడెనిమిది సార్లు బ్రేకు మెత్తగా తొక్కమన్నా. అన్న మల్లాం రోడ్డు మీద చేసినాడు. మొదట గరగరమందంట. తర్వాత శబ్దం పోయి, ప్యాడ్లు తగిలే చోటంతా తెల్లగా వచ్చేసింది. అంచున, నడిమధ్య కొంచెం ఎరుపు ఉండిపోతాది, దానితో ఇబ్బంది లేదు.

డ్రైవింగులో ఉన్నవాళ్లకి ఇంకో రెండు ముక్కలు. బండి కడిగినాక అట్లే నిలబెట్టొద్దు, కొంచెం దూరం తోలి మెత్తగా బ్రేకు తొక్కితే తడి ఆరిపోతాది. తడి మీద హ్యాండ్‌బ్రేకు లాగి రోజుల తరబడి వదిలేస్తే ప్యాడ్లు అంటుకుపోతాయి. చదును నేల మీదైతే గేరులో పెట్టి చక్రాలకి రాయి అడ్డం పెట్టండి. తోలినాక కూడా గరగర పోకపోయినా, డిస్కు మీద గుంటలు పడినా, పెడల్ అదిరినా, బండి ఒక పక్కకి లాగినా అది వేరే సంగతి. అప్పుడు మెకానిక్‌కి చూపించాల్సిందే. ఇంతకంటే పల్చబడకూడదనే కొలత డిస్కు మీదే అచ్చుకొట్టి ఉంటుంది, ఆయన దాన్ని చూసి చెప్తాడు.

సాయంత్రం ఆసామి చక్రం దగ్గర వంగి చూసి, "ఏం పూసినావు రా?" అన్నాడంట.

"ఏం పూయలా సార్, బ్రేకు తొక్కినా" అన్నాడు మా అన్న.

ఆసామి మళ్లీ కోత మాట ఎత్తలా. అనవసరంగా అన్నానని కూడా అనలా. ఒకటో తారీఖున 12,000 పూర్తిగా ఇచ్చినాడు. ఆ రాత్రి అన్న ఫోను చేసి, డబ్బు సంగతి రెండు మాటల్లో ముగించి, "ఆ మూడు మేకుల కథేందో ఇంకోసారి చెప్పరా" అన్నాడు.