లేసమ్మకి సంబంధం చూశాం

ఆవకాయ పెట్టే రోజు మా ఇంట్లో కర్ఫ్యూ అనుకోండి. తడి చేత్తో వసారా వైపు పోకూడదు, తల విరబోసుకుని తిరక్కూడదు, ఎవరొచ్చినా అరుగు మీదే కూర్చోబెట్టి మజ్జిగిచ్చి పంపేయాలి. అదంతా మా అత్తగారి చట్టం. 2025 మే నెల మధ్యలో సరిగ్గా అలాంటి రోజునే, ముక్కలు తుడిచి గుడ్డ మీద ఆరబెట్టి ఆవపిండి జల్లిస్తుంటే, మా వారు స్కూటరు ముందు అట్టపెట్టె పెట్టుకుని వచ్చారు. ఆయనది రొయ్యల మేత కొట్టు. చెరువుల్లో చల్లే మందు సీసాలు కాబోలనుకున్నాను. పెట్టె మూలిగింది.

"అది ఇక్కడ దింపావంటే ఈ ఏడు నీకు ఆవకాయ లేదు రా అబ్బాయ్" అన్నారు మా అత్తగారు, జల్లెడ చేతిలోంచి దించకుండానే.

నరసాపురం రోడ్డు మీద లారీ కింద తల్లి కుక్క పోయిందట. పిల్లల్లో మిగిలింది ఇదొక్కటే, మేత బస్తాల చాటున దూరి రెండు రోజులుగా ఏడుస్తోందట. నల్లగా, గుప్పెడంత, రొమ్ము మీద మాత్రం తెల్లటి గళ్ళు గళ్ళుగా మచ్చ. పెరట్లో పాత గేదెల పాక ఉంది. గేదెలు లేక ఆరేళ్ళయింది. అందులో గోనెసంచి పరిచి పెట్టాను. "వారం రోజులు, ఆ తరవాత ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నారు మా వారు. ఆయన చెప్పే వారాలు మీకు తెలీవు.

తెలిసీ తెలియక ఆవుపాలు పోశాను, విరోచనాలు పట్టుకున్నాయి. పశువుల ఆసుపత్రికి తీసుకెళితే ఐదారు వారాల పిల్లన్నారు. పాలు మానేసి మెత్తగా పిసికిన అన్నం, ఉడికించిన గుడ్డు కొంచెం కొంచెంగా పెట్టమని, పురుగుల మందు పడుతూ ఉండమని, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా తప్పకుండా వేయించమని చెప్పారు. అప్పుడే అడిగాను, మగదా ఆడదా అని. ఆడదన్నారు. మా వారి మొహం అక్కడే వాడింది.

ఎందుకో తరవాత అర్థమైంది. మా అమ్మాయి హైదరాబాదులో ఉంటుంది. ఫోటోలు తీయించుకుని తనకి తెలిసిన గ్రూపులన్నిట్లో పెట్టింది. "ఎంత ముద్దుగా ఉందో" అని యాభై మంది. వాళ్ళలో ఫోను చేసినవాళ్ళు ఏడెనిమిది మంది. ప్రతివాళ్ళ రెండో ప్రశ్నా అదే. ఆడదనగానే "ఇంట్లో అడిగి చెబుతామండీ". ఇంట్లో అడిగిన వాళ్ళెవరూ మళ్ళీ చెప్పలేదు. ఏడాదికి రెండుసార్లు పిల్లల్ని పెడితే ఎక్కడ పడేయాలని వాళ్ళ భయం. ఆరో నెలలో ఆపరేషన్ చేయిస్తే ఆ బాధే ఉండదని చెప్పినా వినిపించుకునే దాకా ఎవరూ లైన్లో ఉండరు.

"నువ్వు చేసేదాన్ని ఫాస్టర్ అంటారమ్మా" అంది మా అమ్మాయి.

"అంటే ఏంటే?"

"మనింట్లో ఉంచి, తిండి పెట్టి, మంచి అలవాట్లు నేర్పి, వేరేవాళ్ళింటికి పంపడానికి పెంచడం."

"ఆడపిల్లని పెంచినట్టన్నమాట" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత నవ్వింది.

పేరు పెట్టింది మాత్రం మా అత్తగారే, తిట్టబోయి. ఆవిడ చిన్నప్పటినుంచీ లేసు అల్లినావిడ. మా నరసాపురం లేసంటే తెలియనివాళ్ళుండరు కదా, పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన అల్లకం, ఇక్కడి ఆడవాళ్ళ చేతుల మీదుగా దేశదేశాలూ తిరిగింది. ఇప్పుడు చూపానక కూలికి అల్లడం మానేసినా, మనవడో మనవరాలో పుట్టబోతోందని ఉయ్యాల దుప్పటికి అంచు అల్లుతున్నారు. ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ఒళ్ళో ఉండాల్సిన దారం ఉండ లేదు. దారం మాత్రం వసారా మెట్లు దిగి, అరటిచెట్టు చుట్టూ రెండు చుట్లు తిరిగి, పాకలోకి పోయింది. "ఓసి లేసమ్మా!" అని అరిచారు. తోకూపుకుంటూ వచ్చింది. అంతే, అదే ఖాయమైపోయింది.

జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే తారీఖున లూయీ పాశ్చర్ గారు పిచ్చికుక్క కరిచిన ఒక తొమ్మిదేళ్ళ కుర్రాడికి మొదటిసారి ఆ టీకా వేశారట. అప్పటికి లేసమ్మకి మూడు నెలలు నిండాయి. తీసుకెళ్ళి వేయించి, కార్డు రాయించుకొచ్చాను. రెండోది నెల తరవాత, ఆపైన ఏడాదికోసారి. ఆ కార్డు చూసి మా అత్తగారు "పెళ్ళికూతురికి జాతకం కూడా వచ్చింది" అన్నారు.

హాస్యానికన్నా, నాకు అప్పటికే గుండెల్లో రాయి పడింది. మా అమ్మాయిని ఏడో నెలలో, వరలక్ష్మీ వ్రతం అయ్యాక, పురిటికి తీసుకురావాలి. వియ్యపురాలుగారు చాలా మర్యాదస్తురాలు. ఫోనులో అన్నీ మాట్లాడి, చివర్న "వదినగారూ, కుక్క ఉందట కదండీ ఇంట్లో" అన్నారు. ఇంకేమీ అనలేదు. అనాల్సిన పని లేదు కూడా. "లేదండీ, ఇచ్చేస్తున్నాం" అన్నాను. ఎవరికో తెలిస్తే కదా.

మొదటి సంబంధం తనంత తానే వచ్చింది. మా వారి ఖాతాదారుల్లో పెద్ద ఆసామి, పాతిక ఎకరాల చెరువులు. "వదినగారూ, మా మకాం దగ్గరికి ఇచ్చేయండి, రాజాలా బతుకుతుంది" అన్నాడు. ఆడదైనా ఫర్వాలేదన్నాడు! నేను పొంగిపోయి, అయినా చూసొస్తానని స్కూటరెక్కాను. గట్టు మీద మకాం, పక్కన అప్పటికే ఒక కుక్క. రేకుల నీడలో మూరెడు గొలుసు. మెడ చుట్టూ వెంట్రుకలు రాలిపోయి తోలు కనిపిస్తోంది. రాత్రి వదులుతారా అని కాపలా కుర్రాణ్ణి అడిగితే వదలరన్నాడు. దానికీ కారణముంది లెండి. కుక్క ఒక చెరువులో దిగి ఇంకో చెరువులో దిగితే తెగులు మోస్తుందని రైతు భయం. పీతలు పాకకుండా గట్టు చుట్టూ పట్టా, పిట్టలు వాలకుండా పైన తాళ్ళు కట్టుకునేవాళ్ళు కుక్కనెలా వదులుతారు? లక్షలు నీళ్ళలో ఉంటాయి. ఆ మనిషి దుర్మార్గుడని నేనననండి. తినడానికి అన్నం పెడుతున్నాడు. వచ్చేటప్పుడు నాకు రెండు కేజీల రొయ్యలు కట్టించాడు కూడా.

ఇవ్వనన్నాను. మా ఇంట్లో మా వారితో ఇంత పెద్ద గొడవ పదేళ్ళలో అవలేదు. మేతంతా అప్పు మీద పోతుంది, పట్టుబడి అయితేగానీ డబ్బు చేతికి రాదు. "కుక్కపిల్ల కోసం ఆయన్ని కాదంటావా? దొరికిన చోటే వదిలేద్దాం. చట్టమే అలా చెబుతోంది" అన్నారు. మా అమ్మాయినడిగితే అది సగం చట్టమట. 2023లో వచ్చిన నిబంధనల్లో పట్టుకున్న చోటే వదలమని ఉన్నది వీధికుక్కలకి, అదీ ఆపరేషన్, టీకా అయ్యాక. ఎప్పుడూ గొలుసుతోనే ఉంచి తిప్పకపోతే 1960 నాటి చట్టం ప్రకారం నేరం కూడానట. మా వారు విని "చట్టాలు నీ కూతురికి బాగా తెలుసు, బాకీలు నువ్వు వసూలు చెయ్యి" అని భోజనం దగ్గరనుంచి లేచిపోయారు. ఆ ఆసామి తరవాతి పంటకి మేత వేరే కొట్లో పెట్టాడు. పాత బాకీ మాత్రం పైసాతో సహా తీర్చాడు. ఆ నష్టం నావల్లే. ఒప్పుకుంటాను.

అందుకే రెండో సంబంధం రాగానే కళ్ళు మూసుకుని ఇచ్చేశాను. భీమవరంలో అపార్ట్‌మెంటు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, చదువుకున్నవాళ్ళు. మా హాల్లో కూర్చుని కాఫీ తాగుతుంటే నాకు మా అమ్మాయి పెళ్ళిచూపులే గుర్తొచ్చాయి. అప్పుడు వంటంతా వచ్చని చెప్పాం కదా, అలాగే ఇప్పుడూ "చాలా బుద్ధిమంతురాలండీ, నోట్లో నాలుక లేదు" అన్నాను. లారీ హారన్ వింటే మంచం కింద దూరి ఉచ్చపోసుకుంటుందని చెప్పలేదు. రాత్రి ఒక్కతే ఉంటే ఏడుస్తుందనీ, నేను పాక దగ్గర మడతమంచం వేసుకుని పడుకుంటున్నాననీ చెప్పలేదు. చెబితే ఎక్కడ వద్దంటారోనని.

నాలుగో రోజు ఫోనొచ్చింది. పగలంతా బాల్కనీలో ఏడుపట, కింది ఫ్లాటు వాళ్ళు గొడవట. ఆ అమ్మాయి ఏడుస్తూనే చెప్పింది పాపం, "ఆంటీ, ముందే చెప్పి ఉంటే మేం వేరేలా ఆలోచించుకునేవాళ్ళం" అని. తెచ్చుకున్నాం. లేసమ్మ నాలుగు రోజుల్లోనే సగమైంది. కారు దిగి నన్ను చూసి గంతులేస్తుందనుకున్నాను. నేరుగా పాకలోకి పోయి గోనెసంచి మీద ముడుచుకుంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఇచ్చినందుకు కాదు, అబద్ధం చెప్పి ఇచ్చినందుకు.

అంతలో ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీలో వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. టీవీలో రోజంతా అదే. మా వారు "చూశావా, నువ్వొక్కదాన్ని పట్టుకుని..." అని మొదలెట్టి, నా మొహం చూసి ఆపేశారు. పదకొండు రోజులకి ఆ తీర్పు మార్చారు, టీకా వేసి ఆపరేషన్ చేసి ఎక్కడివక్కడ వదలమన్నారు. ఎవరైనా పెంచుకుంటానంటే మాత్రం మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే పూచీ వాళ్ళదేనన్నారు. అది విన్నప్పుడు, ఆ పూచీ తీసుకునే మనిషిని వెతకడానికే కదా నేను ఇన్నాళ్ళు తిరిగిందీ అనుకున్నాను.

అయితే ఆ రెండో తీర్పు వచ్చేసరికే మా సమస్య తీరింది. తీర్చింది మా అత్తగారు. ఒకరోజు పొద్దున్నే పట్టుచీర కట్టుకుని "అమ్మాయ్, ఆటో పిలు, ముత్యాలపల్లి వెళ్ళొస్తా" అన్నారు. అక్కడ ఆవిడతోపాటు ఒకప్పుడు లేసు అల్లిన పిన్నిగారున్నారు. పిల్లలు దూరాన, ఆయన పోయారు, పదమూడేళ్ళు పెంచిన కుక్క కిందటి చలికాలంలో పోయింది. మర్నాడు ఇద్దరూ కలిసి దిగారు.

పిన్నిగారు కుర్చీలో కూర్చోలేదు. తిన్నగా పాకలోకి వెళ్ళి కింద కూర్చున్నారు. దాన్ని పిలవనూ లేదు, ముట్టుకోనూ లేదు. నా వైపు తిరిగి "దీనికి ఏవేం అవలక్షణాలున్నాయో చెప్పమ్మా" అన్నారు. ఈసారి నేను ఏదీ దాచలేదు. లారీల భయం, రాత్రి ఏడుపు, చెప్పులు కొరకడం, భీమవరం నుంచి తిరిగొచ్చిన సంగతి. దారం ఉండల సంగతి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆవిడకి కూలి దారం లెక్కన. ఉండ పాడైతే ఆ రోజు కష్టం పోయినట్టే. చివరికి అదీ చెప్పేశాను.

"దారం పైన పెట్టుకుంటాలే. మా రోడ్డులో లారీలు రావు. రాత్రి నాకూ నిద్ర పట్టదు" అన్నారు.

ఆడదని గుర్తు చేశాను. "నేను మగదాన్నా ఏంటి?" అన్నారు. మా అత్తగారు ఎంతసేపు నవ్వారో.

ఆపరేషన్ ఖర్చు మాదని, ఎప్పుడు ఉంచుకోలేకపోయినా ఎవరికీ ఇవ్వకుండా, ఎక్కడా వదలకుండా మాకే ఫోను చేయాలని మాట తీసుకున్నాను. ముందు రెండుసార్లు మేమే దాన్ని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళి, సాయంత్రం దాకా ఉండి వచ్చాం. మూడోసారి దాని గోనెసంచితో సహా దింపి వచ్చేశాం. ఆటోలో నేను ఏడుస్తుంటే మా అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. రెండు రోజుల తరవాత అమ్మాయి వచ్చింది. అక్టోబరులో మనవరాలు పుట్టింది.

పిల్లకి పన్నెండు రోజులు కూడా నిండకుండానే మొంథా తుపాను. అక్టోబరు 28 రాత్రి ఇక్కడే, నరసాపురం దగ్గరే తీరం దాటింది. కొబ్బరిచెట్లు ఊగే చప్పుడుకి పసిపిల్లని ఒళ్ళోంచి దించలేదు. ముత్యాలపల్లి వైపు వాళ్ళని బడుల్లోకి తరలిస్తున్నారని సాయంత్రమే విన్నాం. బడిలోకి కుక్కని రానిస్తారా? ఒక్కతే మనిషి, మూటాముల్లె చూసుకుంటుందా దీన్ని చూసుకుంటుందా? రాత్రి పదింటికి కరెంటూ పోయింది, ఫోన్లూ పోయాయి. మా వారు రెండుసార్లు లేచి తలుపు తీసి చూశారు. ఏం చూద్దామనో నేనడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం దాటాక ఎవరి ఫోనునుంచో పిన్నిగారు పలికారు. "లోపలికి వద్దన్నారమ్మా. అందుకని మేమిద్దరం వరండాలోనే పడుకున్నాం. గాలికి భయపడి నా చీర కుచ్చిళ్ళలో దూరింది, తెల్లారేదాకా బయటికి రాలేదు. ఇంటిమీద రెండు రేకులు లేచాయంతే."

మా వారు ఆ సాయంత్రమే రేకులు వేసే మనిషిని పంపించారు. ఆపరేషన్ మాత్రం తుపాను గొడవలో వెనకపడింది. ఈ నెలాఖరుకి భీమవరంలో డాక్టరుగారి దగ్గర రోజు తీసుకున్నాం.

కార్తీక పౌర్ణమికి అందరూ పేరుపాలెం సముద్ర స్నానానికి వెళుతుంటే మా అత్తగారూ బయల్దేరారు. బాలింత ఇంట్లో నేను కదల్లేను. వెళ్ళేటప్పుడు సంచిలో ఆవకాయ జాడీ పెట్టుకోవడం చూశాను. తిరిగొచ్చాక కాళ్ళు కడుక్కునే దాకా ఆగి, "ఎలా ఉందండీ?" అన్నాను.

"ఎవరు, మా చెల్లా, నీ కుక్కా?"

"ఇద్దరూనండీ."

"చెల్లి చిక్కింది. అది ఒళ్ళు చేసింది. గుమ్మంలో నిలబడి ఎవరే నువ్వు అన్నట్టు నామీద మొరిగింది, నామీద! చెల్లి వచ్చి చెప్పాక గానీ లోపలికి రానివ్వలేదు." ఉయ్యాలలో పిల్లకి దుప్పటి సర్దుతూ, అంచులో ఊడిన కుట్టొకటి గోటితో లోపలికి నెట్టారు. "దారం ఉండలు ఉట్టి మీద పెట్టుకుంటోంది పాపం, వంటింట్లో."