ముందు కణం, వెనక కణం

రాత్రి రెండయింది. మైక్రోస్కోప్ కింద ఒక కణం చీలుతుందేమోనని చూస్తున్నాను. సి. ఎలిగన్స్ అనే పురుగు, పూర్తిగా ఎదిగినా ఒక మిల్లీమీటరే. ఒళ్ళు అద్దంలా ఉంటుంది కాబట్టి కోసి చూడక్కర్లేదు. జాన్ సల్‌స్టన్, ఆయన తోటివాళ్ళు గంటల తరబడి ఇలాగే చూసి, 1983కల్లా గుడ్డు నుంచి మొదలుపెట్టి కణాల వంశవృక్షం మొత్తం గీసేశారు. ఏది ఎవరి పిల్లో, ఏ 131 కణాలు మధ్యలోనే చచ్చిపోతాయో అన్నీ అందులో ఉన్నాయి.

నేను చూసేది సీమ్ కణాల్ని. జాకెట్టు పక్కకుట్టులా పురుగుకి రెండు వైపులా వరసగా ఉంటాయి, పుట్టినప్పుడు వైపుకి పది. కుబుసం విడిచే ప్రతి దశలోనూ చీలుతాయి. మామూలుగా ముందువైపు పిల్ల కణం తన హద్దు చెరిపేసుకుని చర్మపు పొరలో కలిసిపోతుంది. ఇంక అది చీలదు. వెనకది తల్లిలాగే మూలకణంగా మిగులుతుంది. జన్యువులు రెండింటికీ ఒకటే. పాప్-1 అనే ప్రోటీన్ మాత్రం ముందుదాని కేంద్రకంలో ఎక్కువ, వెనకదాంట్లో తక్కువ.

సాయంత్రం ఫోన్లో అక్కకి ఇదంతా చెప్పాను. అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు అక్క డిగ్రీ రెండో ఏడు, నేను ఇంటర్. అక్క చదువు ఆగింది, నాది ఆగలేదు.

"అయితే చర్మంలో కలిసిపోయింది నేనేగా?"

"కాదక్కా, ఇంట్లో మిగిలింది నువ్వు. మూలకణం నువ్వే," అన్నాను, మరీ తొందరగా.

"చాల్లే. మరి ఎవరు ముందు, ఎవరు వెనక అనేది ఎవరు తేలుస్తారు?"

"చుట్టుపక్కల కణాలు. వింట్ అనే ప్రోటీన్లు వదుల్తాయి, వాటిని బట్టి..."

"అక్కడా చుట్టుపక్కలవాళ్ళేనా!" అని పెద్దగా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. కణానికి ఇష్టాయిష్టాలుండవు, పోలికలు తీయకూడదు అని జూనియర్లకి నేనే చెప్తుంటాను. కానీ ఆ రోజు మేనత్తలు "ఎవరో ఒకరు ఉండాలి కదా" అన్నప్పుడు "నేనుంటా" అని నేను మాటవరసకైనా అనలేదు.

మాట మారుద్దామని రెండో దశ గురించి చెప్పాను. అప్పుడు మాత్రం ఆ పదింటిలో ఆరు ముందు సమానంగా చీలుతాయి. పిల్లలిద్దరూ మూలకణాలే. పది కాస్తా పదహారవుతాయి. తర్వాత మళ్ళీ మామూలే.

అక్క కాసేపు మాట్లాడలేదు. "అమ్మకి మందు వెయ్యాలి. అది ఫోటో తియ్యడం కుదిరితే పంపు," అని పెట్టేసింది.

సీమ్ కణాల్లోనే వెలిగే పచ్చ గుర్తు పెట్టాం వీటికి. ఇప్పుడే ఒకటి చీలింది. రెండూ వెలుగుతున్నాయి. ఫోకస్ సరిచేసి ఫోటో తీశాను. అక్క అయిదింటికి లేస్తుంది, అప్పుడు పంపాలి.