పడి బియ్యము తూకమెంత?

వంటయింట రెండు విధముల లెక్కలు నడచుచున్నవి. పాత్ర పట్టు చోటును చెప్పునది కొలత; వస్తువు బరువును చెప్పునది తూనిక. మన అవ్వలు బియ్యము, పప్పు, పిండి కొలిచి పోసిరి. బెల్లము, చింతపండు కొలతకు లొంగవు గనుక వానిని తూచిరి.

ఉపాధ్యాయ శిక్షణకై నేను కోస్తా జిల్లాలో నున్న దినములలో సోల, తవ్వ, మానిక అను మాటలు అచటి పెద్దల నోట వింటిని. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. మన హోసూరు ప్రాంతమున పడి, సేరు, పావు అనుట వాడుక. పేరొకటియే యైనను పరిమాణము ఊరూరికి మారును. చిన్నపడి వేరు, పెద్దపడి వేరు. 1956లో మెట్రిక్ కొలమానముల చట్టము వచ్చినది. 1958 నుండి అంగళ్ళలో క్రమముగా కిలోగ్రాము నెలకొన్నది. వంటయింటి పడి మాత్రము కదలలేదు.

ఇందు చిక్కేమి? దోసెలకు మూడు పాళ్ళు బియ్యము, ఒక పాలు మినపప్పు అన్నచో ఏ గిన్నెతో కొలిచినను పాలు తప్పదు. అరిసెల సంగతి అట్లు గాదు. పడి బియ్యమునకు అరవీశ బెల్లమని ఒక అవ్వ చెప్పెననుకొందము. వీశ యనగా 120 తులములు, అనగా సుమారు 1,400 గ్రాములు. కావున బెల్లము 700 గ్రాములని తేలినది. మరి ఆ పడి యెంత? చిన్నదా, పెద్దదా? అది తెలియనిదే పిండికి పాకము కుదురదు.

అన్ని వస్తువులకు ఒకే లెక్కయు చెల్లదు. లీటరు పాత్రలో నీరు ఒక కిలోగ్రాము తూగును. బియ్యము సుమారు 800 గ్రాములు, పంచదార సుమారు 850 గ్రాములు, గోధుమపిండి అదిమినదానిని బట్టి 500 మొదలు 600 గ్రాముల వరకు తూగును. బొరుగులు బియ్యపు తూకములో అయిదవ వంతైనను తూగవు. గింజల నడుమను, గింజలలోను గాలి యెంత యున్న బరువంత తగ్గును. ఒకే చెంచాలో కల్లుప్పు కంటె మెత్తని ఉప్పు ఎక్కువ తూగుటకు కారణమిదియే.

విద్యార్థులారా, మీ యింటి పడిని తీసికొనుడు. మొదట వట్టి పాత్రను తూచుడు. పిదప అదిమి పెట్టక బియ్యము పోసి, అంచునకు సమముగా చేతితో త్రోసివేసి, మరల తూచుడు. రెండవ తూకమునుండి మొదటిది తీసివేసిన బియ్యపు బరువు వచ్చును. అట్లే నీరు నింపి తూచినచో, ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు ఆ పాత్ర పట్టునని తెలియును.

తల్లిదండ్రులకొక మనవి. మన పిల్లలకు వీధిలో వినబడునది తమిళము, కన్నడము. అవ్వ నోటి తెలుగు వారికి చిక్కునది వంటయింటనే. ఆ యిత్తడి పడి రేపు పాతసామాను వానికి పోవచ్చును. కొలిచిన చేయి ఎల్లకాలము ఉండదు. పాత్ర పోయిన పిమ్మట దాని పరిమాణమును తెలిసికొను ఉపాయము లేదు. కావున ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు పెద్దల నడిగి ఒక వంటకమును వారి మాటలలోనే తెలుగున వ్రాసి, ప్రక్కనే గ్రాములు వేసి తేవలెను.