పంది అమ్మితే కౌలు తీరేది

1837లో విక్టోరియా రాణి గద్దెనెక్కేనాటికి ఐర్లండ్ పడమటి జిల్లాల్లో పేద కౌలురైతుకు బంగాళదుంపే అన్నం. ఇనపకుండలో ఉడికిన దుంపల్ని అల్లిక బుట్టలో వార్చి, ఆ బుట్టను కుండ మూతి మీదే పెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూచునేవారు. నంచుకోవడానికి ఉప్పు, తాగడానికి దొరికితే మజ్జిగ. పొయ్యిలోకి కట్టెలు కావు, చిత్తడినేలలో ఇటుకల్లా కోసి ఎండబెట్టిన పీట్ మట్టి.

మరి పండించిన ఓట్స్? కౌలుకే. ఇంట్లో మనిషిలా పెరిగిన పంది కూడా గడువు దగ్గరపడగానే సంతకు నడిచేది. దాని మాంసం ఆ పిల్లలు రుచి చూడటం అరుదు.

చాలాచోట్ల రైతు గుడిసె బాగుచేసుకున్నా, రాళ్లేరి చేను చదును చేసినా, కౌలు పెంచడానికి అదే సాకయ్యేది. అలాంటప్పుడు గోడకు సున్నం వేయడానికి ఎవరికి చేతులొస్తాయి?

1845లో దుంపలకు తెగులు సోకింది, కరువొచ్చింది. పావు ఎకరానికి మించి భూమి ఉంటే సర్కారు సాయం లేదంది 1847 నాటి చట్టం. తిండి కావాలా, చేను కావాలా తేల్చుకోమనడమే అది. 1841లో 80 లక్షలు దాటిన జనాభా 1851కి సుమారు 65 లక్షలకు పడిపోయింది.

పసితనంలోనే కుటుంబంతో సహా ఇల్లు పోగొట్టుకున్న మైకేల్ డేవిట్, 1879లో కౌలురైతుల కోసం పోరాడే ల్యాండ్ లీగ్ స్థాపనకు పూనుకున్నాడు. 1881 చట్టంతో న్యాయమైన కౌలు తేల్చే కోర్టులొచ్చాయి. బకాయిపడ్డవాళ్లు మాత్రం ఇంకో ఏడాది ఆగాల్సివచ్చింది.