పావగడ దారిలో పలుచని నూనె

పావగడ ఏ రాష్ట్రంలో ఉన్నదని అడిగితే, పటం చూసినవారు కర్ణాటకమంటారు, అక్కడి మాట విన్నవారు ఆంధ్రమంటారు. తుమకూరు జిల్లాలో ఈ తాలూకా ఒక్కటి తల్లి ఒడిలోనుంచి జారి పక్కింటి వాకిట్లో కూర్చున్న బిడ్డలా ఉంటుంది. మూడు వైపులా మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గం సీమలు. పడమట చళ్ళకెరె వైపున మాత్రమే కన్నడ దేశంతో అతుకు ఉన్నది. బెంగుళూరు నుంచి మధుగిరి, మిడిగేశి మీదుగా వెళ్ళేవారు దారిలో కొంత దూరం ఆంధ్ర నేల తొక్కనిదే పావగడ చేరలేరు. కిటికీలోనుంచి అంగళ్ళ మీది పలకలు చదువుకుంటూ పోతే కన్నడ లిపి తెలుగవుతుంది, మళ్ళీ కన్నడమవుతుంది. పలకలు మారుతాయి గాని, అంగడిలో కూర్చున్నవాని మాట మారదు.

ఊరి పేరులో 'పావు' పాత కన్నడంలో పాము. కోట ఉన్న కొండ కిందనే ఊరు. ఈ తాలూకాలోనే నిడుగల్లు దుర్గం ఉన్నది. చోళులమని చెప్పుకున్న సామంతులు ఆ కొండను పట్టుకుని చుట్టుపక్కల సీమను ఏలారు. చరిత్ర మీద ప్రీతి ఉన్నవారు ఆ కొండకు ఒక రోజు ప్రత్యేకంగా పెట్టుకోవాలి. మేము వెళ్ళింది వైశాఖమాసపు శనివారం నాడు, శనిమహాత్ముని దర్శనానికి. మా పెద్దత్తగారి మొక్కు అది. నువ్వుల నూనె సీసా, నల్లబట్ట, ఒత్తులు అన్నీ ముందునాడే సర్దుకున్నారావిడ.

మా బండి 1983 నాటి అంబాసిడరు. మా మామగారు కొన్నది. ఆయన పోయాక ఆ కారు ముందు సీటు మీద చెయ్యివేసి కూర్చుంటే తప్ప అత్తగారికి ప్రయాణం ప్రయాణంలా ఉండదు. ఉత్తరపారాలో ఆ కార్ల తయారీ 2014 మే నెలలో నిలిచిపోయింది. విడిభాగాలు ఇంకా దొరుకుతున్నవి, వెతికేవారికి. కాని క్యామ్ షాఫ్టు అరిగితే, బేరింగులు పోతే, వెతకడం ఎన్నాళ్ళో, దొరికినది ఎలాంటిదో! అందుచేత ఆ ఇంజనుకు జ్వరం వస్తే మా ఇంట్లో అందరికీ తలనొప్పి.

బయలుదేరే ముందు బెంగుళూరులో ఒక చోట ఆయిలు మార్పించాము. దారి పొడుగునా మాకేమీ తెలియలేదు. మిడిగేశి దాటాక ఎండ ముదిరింది. పావగడలో గుడి వీధిలో జనం మధ్య బండి నిలుపుతూ, కదుపుతూ పోతుంటే ఇంజను పైభాగాన టకటకమని ట్యాపెట్ల చప్పుడు మొదలైంది. అదే సమయంలో ముందు పలక మీద ఆయిలు దీపం ఎర్రగా మినుకుమన్నది. యాక్సిలరేటరు తొక్కితే ఆరిపోతుంది, వదిలితే మళ్ళీ వెలుగుతుంది. అత్తగారు దాన్ని చూసి, "ఇదేమిట్రా, స్వామి దగ్గరికి రాకముందే దీపం పెట్టారు" అన్నారు.

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మనవాళ్ళ సామెత. ఎద్దుబండి ఇరుసుకు ఆముదంలో కాల్చిన గడ్డి బూడిద కలిపి పూసేవారే, అదే కందెన. మా బండిలో కందెన లేకపోలేదు. గేజు కడ్డీ తీసి చూస్తే మట్టం సరిగ్గా ఉన్నది. మరి సంగీతమెందుకు?

అత్తగారిని గుడిలో విడిచి, అడుగుతూ అడుగుతూ ఒక మెకానిక్కు దగ్గరికి చేరాము. వేపచెట్టు కింద రెండు ట్రాక్టర్లు, ఒక సరుకు ఆటో విప్పి పెట్టి ఉన్నవి. పెద్దాయన, అరవై దాటి ఉంటాయి. కన్నడంలో పలకరించి, మా ముఖాలు చూసి తెలుగులోకి దిగాడు. గేజు కడ్డీ మీది ఆయిలును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, "యాడ పోయించినారు సార్ ఇది? నీళ్ళ మాదిరుందే" అన్నాడు. డిక్కీలో మిగిలిన డబ్బా ఉన్నది, చూపించాము. చదివి నవ్వాడు. "ఇది కొత్త కార్లకు సార్. మీ ముసలిదానికి ఇది చాలదు."

డబ్బా మీద 5డబ్ల్యు-30 అని ఉన్నది. మా కారుకు ఎన్నో ఏళ్ళుగా పోస్తున్నది 20డబ్ల్యు-50. రెండు డబ్బాలూ ఒకే రంగు, ఒకే ఆకారం. అంగట్లో పక్కపక్కనే ఉంటాయి. పోసిన కుర్రవాడు అందినది పోశాడు.

ఈ అంకెల గుట్టు మన ఇళ్ళలో చాలామందికి తెలియదు గనుక చెబుతున్నాము. డబ్ల్యు అనేది చలికాలానికి గుర్తు. దాని ముందున్న అంకె గడ్డకట్టే చలిలో నూనె ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది; 5డబ్ల్యు నూనెను సున్నాకు దిగువ 30 డిగ్రీల చలిలో పరీక్షిస్తారు. పావగడ చరిత్రలో అంతటి చలి శనిమహాత్ముడు కూడా తెచ్చి ఉండడు. మనకు పనికివచ్చేది వెనుక అంకె. అది నూరు డిగ్రీల వేడిలో నూనె చిక్కదనం. 30 రకం ఆ వేడిలో 9.3 మొదలు 12.5 సెంటిస్టోకుల లోపు ఉంటుంది. 50 రకం 16.3 మొదలు 21.9 లోపు. అంటే ఇంజను బాగా కాగినప్పుడు మా కారులోని నూనె ఉండవలసినదానిలో దాదాపు సగం చిక్కదనంతో ఉన్నదన్నమాట. నలభై ఏళ్ళు తిరిగి బేరింగుల సందులు వదులైన ఇంజనులో ఆ పలుచని నూనె నిలవక జారిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది, దీపం మినుకుమంటుంది. కొత్త కార్ల సందులు వెంట్రుక కంటె సన్నం. వాటికి పలుచని నూనే కావాలి, పెట్రోలు కూడా కొంత కలిసివస్తుంది. నూనెలో లోపం లేదు, మంచి ఖరీదైన నూనె. పోసిన చోటు తప్పు.

ఇంకొక సంగతి డబ్బా మీద కనబడనిది. పాత ఇంజనులలో క్యామ్ ముక్కు ట్యాపెట్ అడుగును రాసుకుంటూ తిరుగుతుంది. కొత్తవాటిలో చాలావరకు అక్కడ దొర్లే చక్రాలు పెట్టారు. ఆ రాపిడి నుంచి లోహాన్ని కాపాడడానికి నూనెలో జింకు, భాస్వరం, గంధకం కలిసిన ఒక మందు వేస్తారు. కాని భాస్వరం కొత్త కార్ల పొగగొట్టంలో పొగను శుద్ధిచేసే సాధనాన్ని పాడుచేస్తుంది. అందుకని 2004లో వచ్చిన అమెరికా ప్రమాణం 5డబ్ల్యు-30 వంటి పలుచని రకాలలో భాస్వరం నూటికి 0.08 వంతు మించరాదన్నది. 20డబ్ల్యు-50 వంటి చిక్కని వాటికి ఆ కట్టడి లేదు. కొత్తవాటి పొగ తగ్గడం మంచిదే. పాతవాటి క్యాములు దానికి మూల్యం చెల్లించకుండా చూసుకోవలసింది మనమే.

పెద్దాయన ఇదంతా ఇన్ని మాటల్లో చెప్పలేదు. "ఇప్పుడే ఇంజను పోదు సార్, బయపడొద్దండి. ఎండలో ఉరికిస్తే మాత్రం కష్టం" అన్నాడు. ట్రాక్టర్లకు పోసే 15డబ్ల్యు-40 తన దగ్గర ఉన్నది, పాతది దించి అది పోస్తానన్నాడు. మాలో ఒకరికి అనుమానం: ట్రాక్టరు నూనె పెట్రోలు కారులోనా? లోపల అడుగున మిగిలిన సింథటిక్ నూనెతో అది కలిసి పెరుగులా విరిగిపోదా?

ఈ విరుగుడు భయం చాలా పాతది, ఒకప్పుడు కొంత నిజం కూడా. తొలినాళ్ళ విమానాలకు, పందెపు కార్లకు ఆముదమే ఇంజను నూనె. 1909లో పుట్టిన క్యాస్ట్రాల్ అన్న పేరులో ఉన్నది ఆముదానికి ఇంగ్లీషు పేరైన 'క్యాస్టరే'. ఆముదం ఖనిజ నూనెతో సరిగా కలవదు. పావగడ చుట్టూ వేరుశనగ చేలల్లో సాళ్ళ మధ్య కనిపించే ఆముదపు చెట్లను చూసి అనుకున్నాము, ఒకప్పుడు ఇలాంటి గింజల నూనె ఆకాశంలో విమానాలను తిప్పిందా అని. ఇప్పుడు అంగట్లో దొరికే ప్రమాణం గల ఖనిజ, సింథటిక్ నూనెలు ఒకదానితో ఒకటి కలిసేటట్లే తయారవుతున్నవి. కలిస్తే విరగవు, చిక్కదనం మాత్రం రెంటికీ మధ్యన పడుతుంది. ఇక ట్రాక్టరు నూనె సంగతి: డీజిలు ఇంజనుల నూనెలో ఆ జింకు మందు తగినంత ఉంటుంది, మసి కడిగే గుణమూ ఎక్కువ. పొగ శుద్ధిచేసే సాధనం ఉన్న కారుకు అది తగదు. మా 1983 బండికి అలాంటిదేమీ లేదు. కనుక ఆ పూటకు అది సరైన మందే.

నాలుగు లీటర్ల చిల్లర నూనె కిందికి దిగింది. ఆ పళ్ళెంలో అయస్కాంతం తిప్పి, దుమ్మంత ఇనుము తప్ప ముక్కలు ఏవీ లేవని చూపించాడు. మాకు ప్రాణం లేచివచ్చింది. కొత్త నూనె పోసి ఇంజను కాగనిచ్చాక దీపం ఆరిపోయింది, టకటక సగానికి తగ్గింది. కూలి అడిగితే నూనె ధర మీద నూట యాభై రూపాయలు చాలన్నాడు. తాగడానికి మంచినీళ్ళడిగితే బోరు నీళ్ళు ముట్టవద్దని, క్యాను నీళ్ళు ఇచ్చాడు. ఈ తాలూకా భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ళకూ ఎముకలకూ చెరుపు. కారులో ఏం పోస్తున్నామో చూసుకోమన్న మనిషి, తన బిడ్డల కడుపులో పోసే నీళ్ళు ఎన్నో ఏళ్ళుగా కొలుచుకుంటున్నాడు.

గుడి దగ్గరికి తిరిగి వచ్చేసరికి అత్తగారు నువ్వుల నూనె దీపం పెట్టి, శీతలాదేవికి కూడా దణ్ణం పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నారు. "మీ దీపం ఆరిందా?" అన్నారు. ఆరిందన్నాము. "నాది వెలుగుతూనే ఉంది" అన్నారావిడ.

బండి కుదురుకున్నది గనుక సాయంత్రం తిరుమణి వైపు వెళ్ళాము. ఎటు చూసినా నీలిరంగు పలకలు. బల్లసముద్రం, తిరుమణి, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు అనే ఐదు ఊళ్ళ పొలాల్లో సుమారు 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల సూర్యవిద్యుత్తు. 2018లో ప్రారంభమై 2019 చివరికి పూర్తిస్థాయికి వచ్చింది. భూమి కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి. వానలు నమ్ముకుని వేరుశనగ వేసి నష్టపోయిన వారికి ఇది ఊరటే. సొంత నేల లేక కూలికి పోయినవారి సంగతి వేరు. చేను లేకపోతే కలుపూ లేదు, కోతా లేదు. అక్కడ తిరిగే ఇరుసులు తక్కువ గనుక కందెన బాధ లేదు. పలకల మీది దుమ్ము తుడవడమే పెద్ద పని.

బెంగుళూరు చేరాక మళ్ళీ ఆయిలు మార్పించి, ఇంజను పక్కనున్న పలకలు విప్పించి ట్యాపెట్లు చూపించాము. ఒకదాని అడుగున గీతలున్నవి. అవి ఆ నూనెతో పడ్డవో, నలభై ఏళ్ళలో ఎప్పుడో పడ్డవో చెప్పలేమన్నారు. బేరింగులకు ఏమీ కాలేదు. పోసేటప్పుడు డబ్బా మీది అంకె ఇప్పుడు అత్తగారే కళ్ళజోడు పెట్టుకుని పైకి చదువుతున్నారు. మిగిలిన 5డబ్ల్యు-30 డబ్బా పక్కింటివారి కొత్త కారుకు ఇచ్చేశాము. దానికి పనికివచ్చేది అదేనట.