మేకలకు దాడి నేర్పిస్తే?

యావలత్ అని ఒక ఆట ఉంది. రూల్స్ రెండే. మీ కాయలు నాలుగు వరుసగా పడితే గెలిచినట్టు. కానీ నాలుగు కాకుండా మూడే వరుసలో పడ్డాయా, ఓడిపోయినట్టు. దీన్ని కనిపెట్టింది మనిషి కాదు, లూడి అనే ప్రోగ్రామ్. కామెరాన్ బ్రౌన్ అనే పరిశోధకుడు రాసిన ఆ ప్రోగ్రామ్ పాత ఆటల రూల్స్‌ని ముక్కలు చేసి, ఒకదానిది ఇంకోదానికి అతికించి, తనతో తానే ఆడి చూసుకుని 2007లో దీన్ని బయటికి తీసింది. తర్వాత అది మార్కెట్లో అమ్మే ఆట కూడా అయింది.

ఇది చదివాక నాకూ దురద పుట్టింది. మన దగ్గర ముడిసరుకు తక్కువా ఏంటి? పులి-మేక ఉంది, దాడి ఉంది. రెండూ సుద్దముక్కతో నేల మీద గీసుకుని, చింతగింజలూ గులకరాళ్లతో ఆడేవే. రెండిటినీ కలిపితే?

ఎప్పుడూ ఆడనివాళ్ల కోసం కాస్త వివరం. పులి-మేక పటంలో పైనున్న మొన నుంచి నాలుగు ఏటవాలు గీతలు దిగుతాయి. వాటిని మూడు పొడవాటి అడ్డగీతలు దాటుతాయి. వాటి చివర్లని రెండు పక్కలా నిలువు గీతలు కలుపుతాయి. అడుగున ఇంకో పొట్టి అడ్డగీత. గీతలు కలిసే చోట్లు మొత్తం 23. పులులు 3, మేకలు 15. పక్కనున్న మేక మీంచి అవతలి ఖాళీలోకి పులి దూకితే ఆ మేక పోయినట్టు. మేకలు మాత్రం పులిని చంపలేవు, ఎటూ కదలకుండా కట్టేయాలి. ఇక దాడిలో ఇద్దరికీ తలా 9 కాయలు. ఒకే గీత మీద మూడు చేర్చి ‘దాడి’ కడితే ఎదుటివాళ్ల కాయ ఒకటి లేపేయొచ్చు.

మొదటి ప్రయోగం అందరికీ తట్టేదే. పటం పులి-మేకది, మేకలు మూడు వరుసగా చేరితే ఒక పులి ఔట్. నా రూమ్మేట్ పులులు తీసుకున్నాడు. పది నిమిషాల్లో మూడూ పోయాయి. ‘‘నేను పులినా, జింకనా?’’ అన్నాడు. అసలు సమస్య అది కాదు. పులుల్ని చుట్టుముట్టడం అనేదే ఆటలోంచి మాయమైంది. దాడి వచ్చి పులి-మేకని మింగేసింది.

దసరాకి ఊరెళ్లినప్పుడు నాయనమ్మకి ఇది చూపించా. ఆమె ఎప్పుడూ మేకల వైపే ఆడుతుంది, గెలుస్తుంది కూడా. రూల్ మొత్తం విని, ‘‘మేకలే పులిని తింటే ఇగ అది పులెట్ల అయితది బిడ్డా?’’ అంది.

ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. చెస్‌లో, దాడిలో ఇద్దరికీ ఒకే సైన్యం. పులి-మేకలో కాదు. ఒకరికి కోరలు, ఇంకొకరికి సంఖ్య. కోరల్లేనివాళ్లు ఓపికతో గెలవడమే అక్కడ మజా. మేకలకి కోరలు ఇస్తే మిగిలేది ఇంకో మామూలు ఆట.

అందుకే రెండో ప్రయోగంలో చంపడం తీసేశా. దాడి కడితే చచ్చిన మేక ఒకటి తిరిగొస్తుంది. వినడానికి భలే ఉంది. కానీ దాడి ఆడేవాళ్లకి తెలిసిన కిటుకు ఒకటుంది. వరుసలోంచి ఒక కాయని బయటికి జరిపి, మళ్లీ లోపలికి తెస్తే ఇంకో దాడి. పులి ఒకదాన్ని తింటుంది, అది తిరిగొస్తుంది, మళ్లీ తింటుంది. ఆట ముగియదు. మేం గంటన్నర ఆడి బిర్యానీ ఆర్డర్ పెట్టుకున్నాం.

ఈలోగా గోనెక్ట్ అనే ఆట గురించి తెలిసింది. గో, హెక్స్ రెండిటి కలయిక అది. గోలోని కాయలు చుట్టుముట్టే పద్ధతిని ఉంచుకుని, చివర్లో భూభాగం లెక్కపెట్టే పని మొత్తం పీకేశారు. ఎదురెదురు అంచుల్ని ముందు కలిపినవాళ్లదే గెలుపు. గో కొత్తగా నేర్చుకునేవాళ్లని తికమకపెట్టేది ఆ లెక్కే. ఆటలు కలిపేటప్పుడు ఏం తీసుకోవాలన్నదే ఆలోచిస్తాం గానీ, ఏం వదిలేయాలన్నది అంతకంటే పెద్ద పని అని నాకనిపించింది.

మూడోసారి దాడి నుంచి వరుస మాత్రమే తీసుకున్నా. చంపడం లేదు, బతికించడం లేదు. మేకలు మూడు వరుసగా చేరితే, మేకల ఆటగాడు చూపించిన పులి తర్వాతి ఎత్తులో కదలకూడదు. మిగతా రెండు పులులకీ దారి లేకపోతే మేకలు గెలిచినట్టే. చూశారా, మేకలు ఇప్పుడు కూడా కట్టేస్తున్నాయి, అంతే. కానీ వరుస కట్టాలనే ఆశకి మేకలు ఒకచోటికి చేరితే ఇంకోచోట కంతలు పడతాయి, పులి అక్కడ దూకుతుంది. ఆశకీ భయానికీ మధ్య ప్రతి ఎత్తూ ఆలోచించాల్సి వచ్చింది. మా రూమ్మేట్ మొదటిసారి ఫోన్ పక్కన పెట్టేశాడు.

అయినా ఒక లొసుగు దొరికింది. రెండు పక్కల నిలువు గీతల మీద సరిగ్గా మూడేసి చోట్లున్నాయి. అక్కడ మూడు మేకలు చేరితే ఏ పులీ వాటి మీంచి దూకలేదు, మూలల్లో దూకడానికి గీతే లేదు కదా. అడుగు గీత మీద పక్కపక్కనే మూడు పెట్టినా అంతే. భయం లేనిచోట వరుస కట్టుకుని కూర్చుంటే ఇక ఆటేముంది? అందుకని ఆ మూడు అంచు గీతల మీద కట్టిన వరుస చెల్లదన్నాను. మిగతా గీతలన్నీ పులి దూకే దారులకు అడ్డంగా పోయేవే.

ఇప్పటికి రూల్ ఇది. కాగితం, మూడు రాళ్లు, పదిహేను చింతగింజలు ఉంటే మీరూ ఆడి చూడొచ్చు. ఒక్కటి మాత్రం ఇంకా తేలలేదు. ఒకే ఎత్తులో రెండు వరుసలు కుదిరితే రెండు పులులు ఆగాలా, ఒకటేనా? రెండనేది నా మాట. మేకల మనిషి అయ్యుండి కూడా నాయనమ్మ ఒకటే అంటోంది.